తాకి కొలవడం: చూపు లేని వడ్రంగులు, మేస్త్రీలు వాడే కొలత, మట్టం పద్ధతులు

చూపు లేనివారు, చూపు బాగా తగ్గినవారు చెక్కపనిలోనూ ఇంటి కట్టుబడిలోనూ పొడవు, మందం, మూల, మట్టం, నిలువు సరిచూసుకోవడానికి వాడే సాధనాల గురించీ పద్ధతుల గురించీ ఈ వ్యాసం. వీటిలో కొన్ని వారి కోసమే తయారయ్యాయి. ఎక్కువ భాగం మాత్రం చూపున్న పనివాళ్లు తరతరాలుగా వాడినవే. అచ్చు గీతల టేపు ప్రతి జేబులోకీ చేరాక అవి వెనకబడ్డాయి.

కొలత రెండు పనులు చేస్తుంది. ఒకటి, పరిమాణాన్ని ఇంకొకరికి చెప్పడం. ఆరున్నర అడుగుల తలుపు కావాలని దుకాణంలో చెప్పాలంటే అంకె ఉండాలి. రెండోది, ఈ ముక్క ఆ ఖాళీలో పట్టేలా చేయడం. దీనికి అంకె అక్కర్లేదు, రెండు వస్తువులు ఒకటికొకటి సరిపోతే చాలు. టేపు మీది గీతను చదివి, అంకెను గుర్తుపెట్టుకుని, చెక్క మీద పెన్సిలుతో మళ్లీ గీసి, ఆ గీత మీదుగా కోస్తే మధ్యలో ప్రతి మెట్టులోనూ కొంత తప్పు చేరుతుంది. చూపు లేని పనివాడు ఆ మెట్లలో చాలావాటిని తీసేస్తాడు. అతని పని కచ్చితంగా రావడానికి ముఖ్య కారణం ఇదే. అంధుల వడ్రంగాన్ని అద్భుతంగానో జాలిగానో చూసే రాతలు ఈ సంగతిని పట్టించుకోవు.

వేలికొన ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు

స్పర్శ అన్ని కొలతలకూ ఒకేలా పనికిరాదు. వేలికొన మీద రెండు మొనలను కదపకుండా ఆనిస్తే, వాటి మధ్య దాదాపు 2 మిల్లీమీటర్ల ఎడం ఉంటేగాని అవి రెండని తెలియదు. బ్రెయిలీ చుక్కల మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లకు దగ్గరగా ఉండటానికీ దీనికీ సంబంధం ఉంది. మామూలు స్కేలు మీద మిల్లీమీటరుకొక గీతను ఉబ్బెత్తుగా చేసి ఇచ్చినా వేలు వాటిని లెక్కించలేదు.

వేలిని కదిపితే కథ మారిపోతుంది. ఉపరితలం మీద వేలిని జరిపినప్పుడు తెలిసే ఎత్తుపల్లాలు నమ్మశక్యం కానంత సూక్ష్మమైనవి. స్వీడన్ పరిశోధకులు 2013లో ప్రచురించిన ప్రయోగంలో, 13 నానోమీటర్ల ఎత్తున్న ముడతల ఉపరితలాన్ని కూడా మనుషులు నునుపైన దానినుంచి వేరు చేయగలిగారు. చెక్కపనిలో అంత సున్నితం ఎవరికీ అవసరం లేదు. కాని రెండు పలకల అతుకు దగ్గర కాగితం మందమంత, అంటే మిల్లీమీటరులో పదో వంతు మెట్టు ఉంటే బొటనవేలి గోరుకు వెంటనే తెలుస్తుంది. ఆ మెట్టు చాలాసార్లు కంటికి కనపడదు. చూపున్న వడ్రంగి కూడా చిత్రిక పట్టాక పలక మీద అరచేయి నిమిరి చూసేది ఇందుకే.

కాబట్టి చూపు లేని పనివాడి సాధనం ఏదైనా వేలిని ‘ఎంత దూరం?’ అని అడగకూడదు, ‘సమంగా ఉందా?’ అని అడగాలి. కింద చెప్పే పద్ధతులను ఈ ప్రశ్నతోనే విలువ కట్టవచ్చు.

అంకె లేని కొలతలు

అన్నిటికన్నా పాతది కొలకర్ర. గూట్లో అర బిగించాలంటే, గూటి వెడల్పుకు సరిగ్గా పట్టేలా ఒక సన్నని బద్దను కోసి, ఆ బద్దనే పలక మీద ఆనించి కొలత తీసుకుంటారు. ఒకే బద్ద మీద బీరువాలోని అరల ఎత్తులన్నీ గాట్లుగా పెట్టుకోవచ్చు. ఒక గాటు అయితే మొదటి అర, రెండు పక్కపక్కన ఉంటే రెండోది. ఇలా ఒక బీరువా కొలత మొత్తం ఒక కర్రలో ఉంటుంది. పదేళ్ల తరవాత అదే బీరువా మళ్లీ చేయాలన్నా ఆ కర్ర చాలు.

ఖాళీ లోపలి కొలతకు రెండు బద్దలు ఇంకా మేలు. రెంటినీ పక్కపక్కన పట్టుకుని, కొనలు రెండు గోడలకూ తగిలేదాకా జరిపి, క్లాంపుతో బిగించేస్తారు. బద్దల బయటి కొనలను మొన తేల్చితే ఇవే చట్రం మూలలు సరిచూడటానికి పనికొస్తాయి. కిటికీ చట్రంలో ఒక ఐమూలకు బద్దలను బిగించి, తీసి రెండో ఐమూలలో పెట్టి చూస్తారు. పట్టకపోతేనో వదులుగా ఉంటేనో చట్రం వంకర పోయింది. రెండు ఐమూలలూ సమంగా ఉండి, ఎదురెదురు భుజాలూ సమంగా ఉంటే మూలలన్నీ లంబకోణాలే. ఇందులో ఒక్క అంకె కూడా చదవనక్కర్లేదు.

ఒకే పొడవున పది ముక్కలు కావాలంటే పదిసార్లు కొలవరు. రంపం మిషను కంచె (చెక్క ఆనే తిన్నని పట్టీ) మీద ఒక అడ్డుచెక్కను బిగించి, ప్రతి ముక్క కొననూ దానికి ఆనించి కోస్తారు. మొదటి ముక్క సరిగా వస్తే మిగతా తొమ్మిదీ సరిగా వస్తాయి. అడ్డుచెక్క కింది మూలను కొంచెం చెక్కి ఉంచాలి. లేకపోతే రంపపు పొట్టు అక్కడ ఇరుక్కుని ముక్క ముక్కకూ పొడవు తగ్గుతూ పోతుంది. కంటికి కనపడే పొట్టు వేలికి తగలకపోవచ్చు గనక ఈ చిన్న చెక్కుడు చూపు లేనివారికి మరీ ముఖ్యం.

కొలత దిమ్మెలు మరో మార్గం. తెలిసిన మందాలున్న ఇనుప, ఇత్తడి, చెక్క దిమ్మెల పెట్టె ఒకటి దగ్గర ఉంటే చాలా పనులు వాటితోనే సాగుతాయి. బ్లేడు ఎత్తు 12 మిల్లీమీటర్లు కావాలంటే పక్కన 12 మి.మీ. దిమ్మె పెట్టి, పైన చదునైన పట్టీ ఉంచి, ఆగి ఉన్న బ్లేడు పన్ను ఆ పట్టీని తాకేదాకా లేపుతారు. ఇంట్లో దొరికేవీ పనికొస్తాయి. డ్రిల్లు బిట్ల పిడులు తెలిసిన వ్యాసంలో ఉంటాయి, ప్లైవుడ్ ముక్కల మందమూ దాదాపు తెలిసిందే. ప్లైవుడ్ మందం చెప్పినదానికన్నా కాస్త తక్కువగా రావడం మామూలు గనక దానిని మాత్రం ముందే సరిచూసుకోవాలి.

కొలత కుదిరాక గుర్తు పెట్టడానికి పెన్సిలు పనికిరాదు. మూలమట్టం ఆనించి కత్తితో గీసిన గీత వేలిగోరుకు తగులుతుంది. ఉలి అంచు అందులోకి దానంతటదే దిగి నిలుస్తుంది. అంచుకు సమాంతరంగా గీయడానికి మొనగాని చిన్న చక్రంగాని ఉన్న మార్కింగ్ గేజి వాడతారు. బెజ్జం వెడల్పును ఉలి వెడల్పుకే కుదురుస్తారు, ఆ బెజ్జంలో దిగే నాలుకను బెజ్జంలోనే పెట్టి చూస్తూ తగ్గిస్తారు. మంచి జాయినర్లు ఎక్కడైనా చేసేది ఇదే.

అంకె కావలసిన చోట

ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లోని అంధ వడ్రంగుల చేతుల్లో ఎక్కువగా కనిపించేవి రెండు సాధనాలు. ఒకటి రోటోమాటిక్. అంగుళానికి 16 మరలున్న రాడ్డు మీద ఒక పొడవాటి నట్టు తిరుగుతుంది. పూర్తి చుట్టు ఒకటి తిప్పితే అంగుళంలో 16వ వంతు, పావు చుట్టు తిప్పితే 64వ వంతు జరుగుతుంది. 64వ వంతు అంటే 0.4 మిల్లీమీటరు. కంటికి టేపు మీద అంత సన్నని తేడా పట్టుకోవడం కష్టం, చేతికి పావు చుట్టు సులువు. అంగుళాల గుర్తులు రాడ్డు మీదే తగులుతాయి.

రెండోది క్లిక్ రూల్. గొట్టంలోంచి రాడ్డు బయటికి లాగుతుంటే అంగుళంలో 16వ వంతుకొకసారి క్లిక్కుమని చేతికీ చెవికీ తెలుస్తుంది. అర అంగుళానికొక గుర్తు వేలికి తగులుతుంది. 5 అంగుళాల 3 పదహారో వంతులు కావాలంటే పది గుర్తులు దాటి మూడు క్లిక్కులు. మన వడ్రంగులు అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటారు గనక ఒక క్లిక్కు అంటే అర నూలు. పొడవు పెరగాలంటే అదనపు రాడ్లు కలుపుతారు. కుదిరిన కొలతను మరతో బిగించేస్తే అది కదలదు, సాధనాన్నే పలక మీద ఆనించి గాటు పెట్టవచ్చు. ఈ రెండు సాధనాల గొప్పతనం నా దృష్టిలో ఇక్కడే ఉంది. అంకె చెప్పి ఊరుకోవు, ఆ పరిమాణాన్ని చేతికి అందేలా పట్టుకుని ఉంటాయి.

మాట్లాడే టేపులు అలా కావు. అవి అంకె చెబుతాయి, తరవాత ఆ అంకెను చెక్క మీదికి తేవడం మళ్లీ పనివాడి మీదే పడుతుంది. మిషన్ల రొదలో మాట వినపడదు. గది కొలవడానికి, గుడ్డ కొలవడానికి, సరుకు పొడవు చెప్పడానికి బాగా పనికొస్తాయి. లేజరుతో దూరం కొలిచే పరికరాన్ని బ్లూటూత్‌తో ఫోనుకు కలిపి, ఫోను తెరను చదివే టాక్‌బ్యాక్ గాని వాయిస్‌ఓవర్ గాని చదివి వినిపించేలా చేసుకోవడం ఇటీవలి పద్ధతి. డిజిటల్ కాలిపర్లనూ ఇలాగే కలుపుతారు. బ్రెయిలీ గుర్తుల స్కేళ్లు, అంగుళం అంగుళానికీ స్టేపుల్ పిన్ను కొట్టిన దర్జీ టేపు కూడా వాడుకలో ఉన్నాయి. స్థూలమైన పనికి అవి చాలు.

మట్టం, నిలువు, వాలు

రసమట్టంలో బుడగ గాజులో మూసి ఉంటుంది, వేలికి అందదు. మట్టం పని చూపు లేనివారివల్ల కాదని అనుకోవడానికి ఈ గాజే కారణం. కాని రసమట్టం ఈమధ్య వచ్చిన సాధనం, అంతకుముందు వేల ఏళ్లు మనుషులు గుండు దారంతో మట్టం చూశారు. ఈజిప్టులో డైర్ ఎల్ మదీనా దగ్గర 1886లో బయటపడ్డ సెన్నెజెమ్ సమాధిలో రెండు కాళ్ల చట్రం, మధ్యలో వేలాడే గుండు ఉన్న మట్టం సాధనం దొరికింది. అడ్డకమ్మీ మధ్యలోని గుర్తు మీదుగా దారం వెళితే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. దీన్ని చేతికి పనికొచ్చేలా మార్చడం తేలిక. దారాన్ని తాకితే ఊగిపోతుంది గనక దారానికి బదులు అడుగున బరువున్న సన్నని ఇనుప పుల్లను మేకు మీద వేలాడదీస్తారు. అడ్డకమ్మీలో గాటు పెడతారు. పుల్ల నిలిచాక దాన్ని వెనక్కి మెల్లగా నొక్కిపట్టి, గాటులో పడిందా, ఏ పక్కకు ఎంత తప్పిందో వేలితో చూస్తారు.

ఇలాంటి సాధనం ఏదైనా నమ్మదగినదో కాదో తెలుసుకోవడానికి పరీక్ష ఒకటే. చదవగానే దాన్ని అక్కడే ఎడమ కుడి తిప్పి పెట్టి మళ్లీ చూడాలి. రెండుసార్లూ ఒకే పక్క ఒకే అంత తప్పితే నేలలో వాలు ఉంది. తప్పు సాధనంతోపాటు పక్క మారితే సాధనంలోనే లోపం ఉంది. రసమట్టానికీ ఇదే పరీక్ష, చూపున్న మేస్త్రీలు కూడా దీన్ని తరచుగా చేస్తే ఎన్నో గోడలు బాగుపడతాయి.

చిన్న పనులకు గోళీ చాలు. పలకలో తిన్నని గాడి తీసి, అందులో స్టీలు గోళీ వదిలితే వాలు ఎటుందో అది దొర్లిన వైపే చెబుతుంది. గాడి అడుగును కొద్దిగా ఒంపుగా చేస్తే గోళీ మధ్యలో నిలిచిందో లేదో వేలితో తెలుస్తుంది.

దూరపు మట్టానికి మేస్త్రీలు వాడే నీళ్ల పైపు అంధులకూ చక్కగా పనికొస్తుంది. రెండు చివరలా తెరిచి ఉన్న పైపులో నీళ్లు రెండువైపులా ఒకే ఎత్తులో నిలుస్తాయి. ఒక కొనను మొదటి గోడ దగ్గర కావలసిన ఎత్తులో కట్టి, అంచు దాకా నీళ్లు నింపుతారు. రెండో కొన మీద వేలు ఆనించి మెల్లగా దించుతుంటే, మొదటి కొన ఎత్తుకు రాగానే వేలికి నీరు తగులుతుంది. నీరు అంచు దగ్గర ఉబ్బి నిలబడుతుంది గనక ఇందులో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా రావచ్చు. కప్పులో టీ నిండినప్పుడు మోగే చిన్న పరికరం అంధుల ఇళ్లలో మామూలే. దాని రెండు తీగలను పైపు అంచున తగిలిస్తే వేలికి బదులు అదే మోగుతుంది. పైపులో గాలి బుడగ చిక్కుకుంటే మాత్రం మట్టం తప్పుతుంది. అందుకే ముందుగా రెండు కొనలనూ పక్కపక్కన పట్టుకుని నీళ్లు రెంటిలోనూ ఒకే ఎత్తులో ఉన్నాయని చూసుకోవాలి.

ఫోను గురించి ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. ఐఫోనులోని మెజర్ యాప్‌లో 2018 నుంచి మట్టం చూసే సదుపాయం ఉంది, వాయిస్‌ఓవర్ డిగ్రీలను చదువుతుంది. మేజా వాలు, చిత్రపటం వంకర చూడటానికి సరే. కాని అది చెప్పేది పూర్తి డిగ్రీల్లో. ఒక డిగ్రీ వాలు అంటే మీటరుకు 17.5 మిల్లీమీటర్ల తేడా. మంచి రసమట్టం మీటరుకు అర మిల్లీమీటరు తేడానే పట్టుకుంటుంది. స్నానాల గదిలో నీరు పోవడానికి నూటికి ఒకటి, అంటే మీటరుకు 10 మి.మీ. వాలు పెడతారు. అది అర డిగ్రీకి కాస్త పైన ఉంటుంది. ఫోను దాన్ని సున్నా అనో ఒకటి అనో చెబుతుంది, రెండూ తప్పే. డిగ్రీలో పదో వంతు చూపే డిజిటల్ మట్టం మీటరుకు 1.75 మి.మీ. దాకా దిగుతుంది. సున్నా దగ్గర, 90 దగ్గర బీప్ ఇచ్చే రకాలు దొరుకుతున్నాయి. చూపు లేనివారికి ఇదే సరైన ఎంపిక. పైగా ఇందులో అంకె వినాల్సిన పనే లేదు. మీటరు పొడవున్న తిన్నని బద్ద పల్లపు కొన కింద 10 మి.మీ. దిమ్మె అతికించి, బద్ద మీద మట్టం పెడితే, వాలు సరిగ్గా కుదిరినప్పుడు బీప్ మోగుతుంది. దిమ్మె మారిస్తే వాలు మారుతుంది.

నిలువుకు తూకపు గుండు ఉంది. పైన గోడకూ దారానికీ మధ్య ఒక చెక్క దిమ్మెను ఉంచి, అదే దిమ్మెను కింద పెట్టి చూస్తారు. దారం ఊగకుండా గుండును నీళ్ల బకెట్‌లో వేలాడదీయడం పాత మేస్త్రీల అలవాటు. చేత్తో చూసేవారికి అది మరీ అవసరం. దిమ్మెను గోడ మీదుగా జరుపుతూ దారానికి కేవలం సోకేలా తేవాలి. నొక్కితే దారం జరిగిపోతుంది.

ఇటుక వరసలకు గాట్ల కర్ర వాడతారు. మాడ్యులర్ ఇటుక ఎత్తు 90 మి.మీ., మధ్య సిమెంటు మాలు 10 మి.మీ. కలిపి వరసకు 100. కర్ర మీద వంద మిల్లీమీటర్లకొక గాటు పెట్టి గోడ రెండు మూలల్లోనూ నిలబెడితే దారాన్ని గాటు నుంచి గాటుకు ఎక్కించడమే పని. గోడల మూలకు 3, 4, 5 పాళ్ల తాడు. పన్నెండు సమభాగాలకు ముడులు వేసిన తాడును మూడు మేకుల చుట్టూ లాగితే లంబకోణం వస్తుంది. మన శుల్బసూత్రాలలో యజ్ఞవేదికలను మేకులతో, తాళ్లతోనే గీశారు. ముడి చేతికి తగిలేదే గనక ఈ పద్ధతికి అంధుల కోసం ఏ మార్పూ చేయనక్కర్లేదు.

మిషన్ల దగ్గర

తిరుగుతున్న బ్లేడు దగ్గర స్పర్శతో కొలత అనేదే లేదు. కొలతంతా మిషను ఆగి, ప్లగ్గు తీశాక జరగాలి. స్విచ్చు ఆపాక బ్లేడు చప్పుడు పూర్తిగా అణిగేదాకా చేయి కదపరు. చెక్కను నేరుగా చేత్తో కాకుండా బిగించిన బండి మీద తోస్తారు. చేతి చక్రం ఒక చుట్టుకు బ్లేడు ఎంత లేస్తుందో ఒకసారి దిమ్మెలతో తెలుసుకుంటే తరవాత చుట్లు లెక్కపెట్టుకోవచ్చు. వెనక్కి తిప్పినప్పుడు మరల్లో కొంత వదులు ఉంటుంది గనక ప్రతిసారీ కింది నుంచి పైకి లేపుతూనే కొలతకు రావాలి.

గత చరిత్ర

ఇంగ్లండులోని నేర్స్‌బరోకు చెందిన జాన్ మెట్‌కాఫ్ (1717–1810) ఆరేళ్ల వయసులో మశూచితో చూపు పోగొట్టుకున్నాడు. 1765లో మొదటి రోడ్డు గుత్త తీసుకుని, తరవాత యార్క్‌షైర్, లాంకషైర్ ప్రాంతాల్లో సుమారు 180 మైళ్ల రోడ్లు వేయించాడు. పొడుగాటి చేతికర్రతో నేలను తడుముతూ వాలును, మట్టి గట్టిదనాన్ని తెలుసుకునేవాడు. దూరం కొలవడానికి చక్రం తోసుకుంటూ నడిచే వయామీటర్ వాడాడు. బురద నేల మీద పొదల కట్టలు పరిచి రోడ్డు నిలిపిన తీరు ఆనాటి ఇంజనీర్లను ఆశ్చర్యపరిచింది.

పద్ధతి ప్రకారం శిక్షణ మొదలైంది యుద్ధాల వల్ల. పత్రికాధిపతి ఆర్థర్ పియర్సన్ గ్లాకోమాతో చూపు పోయాక 1915లో లండన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ స్థాపించాడు. చూపు కోల్పోయిన సైనికులకు అక్కడ నేర్పిన పనుల్లో జాయినరీ ఒకటి. ఆ పేరుతోనే 1943లో భారత సైనికుల కోసం డెహ్రాడూన్‌లో హాస్టల్ వెలిసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గల్లిపోలి దగ్గర చూపు పోగొట్టుకున్న న్యూజిలాండ్ వాసి క్లూథా మెకెంజీ దాన్ని నడిపాడు. దృష్టి లోపం ఉన్నవారి సాధికారత కోసం నేడు అక్కడున్న జాతీయ సంస్థ దానిలోంచి పెరిగిందే. బ్రెయిలీ పరికరాలు తయారుచేసే కర్మాగారం కూడా అక్కడే మొదలైంది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని హైన్స్ ఆసుపత్రిలో 1948లో అంధ సైనికుల పునరావాస కేంద్రం తెరిచి, చేతిపనులను శిక్షణలో భాగం చేశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్మిత్ కెటిల్‌వెల్ సంస్థ నుంచి 1980లో మొదలైన టెక్నికల్ ఫైల్ పత్రికను బిల్ గెర్రీ నడిపాడు. ఆయనా చూపు లేనివాడే. చెవితో చదివే మీటర్లు వంటి పరికరాలను పాఠకులు సొంతంగా కట్టుకునేలా ఆ పత్రిక వివరించేది.

మన దగ్గర తయారు చేసుకోవడం

రోటోమాటిక్ అంగుళాల లెక్కది, విదేశాల నుంచి తెప్పించుకోవాలి. అదే పని చేసే మిల్లీమీటర్ల సాధనాన్ని ఏ ఊరి హార్డ్‌వేర్ దుకాణం సరుకుతోనైనా చేసుకోవచ్చు. ఎం6 మర రాడ్డు ఒక చుట్టుకు సరిగ్గా ఒక మిల్లీమీటరు నడుస్తుంది. ఎం8 రాడ్డు 1.25, ఎం10 రాడ్డు 1.5 నడుస్తాయి గనక లెక్కకు ఇబ్బంది, ఎం6 తీసుకోవాలి. ఒక అడుగు ముక్క కోయించి, రెండు కొనలనూ ఆకురాయితో చదును చేసి, రాడ్డు పొడవునా ఒక పక్క పలచగా అరగదీయాలి. ఆ చదును మీద కొన నుంచి 10 మి.మీ.కొక గాటు, 50 దగ్గర జంట గాటు పెట్టాలి. దాని మీద పొడవాటి ఆరు పలకల నట్టు ఒకటి, బిగించి నిలపడానికి మామూలు నట్టు ఒకటి ఎక్కించాలి. పొడవాటి నట్టు ముఖాన చదునైన వాషరు అతికిస్తే చెక్క అంచుకు బాగా ఆనుతుంది. నట్టు ఒక పలక మీద చిన్న గాటు ఉంటే అది చుట్ల లెక్కకు గుర్తు.

వాషరు ముఖం రాడ్డు కొనతో సమంగా ఉన్నప్పుడు సున్నా, అది వేలికొనకు తెలుస్తుంది. 47.5 మి.మీ. కావాలంటే నట్టును వెనక్కి తిప్పుతూ నాలుగు గాట్లు బయటపడేదాకా వెళ్లి, నాలుగో గాటు ముఖానికి సమం కాగానే అక్కడి నుంచి ఏడు చుట్లు, ఆపైన మూడు పలకలు తిప్పాలి. ఒక్కో పలకకు మిల్లీమీటరులో ఆరో వంతు. తరవాత రెండో నట్టును తెచ్చి గట్టిగా బిగించాలి. పని మొదలుపెట్టే ముందు ఈ సాధనాన్ని ఒకసారి పరీక్షించుకోవాలి. కొలత ఖాయంగా తెలిసిన 100 మి.మీ. ఇనుప దిమ్మెను వాషరుకు ఆనించి, సున్నా నుంచి వంద చుట్లు వెనక్కి తిప్పితే రాడ్డు కొనా దిమ్మె కొనా గోరుకు మెట్టు తగలకుండా కలిసి రావాలి. రాకపోతే తప్పు రాడ్డుది, మరో రాడ్డు తెచ్చుకోవాలి.